ధాన్యం డ్రయ్యరు కొనబోయే రైతు సంఘాలకు హెచ్చరిక

కోనసీమలోని మా రైతు సంఘం కిందటి సార్వా (ఖరీఫ్) కోతలకు ముందు ధాన్యం ఆరబెట్టే డ్రయ్యరు కొన్నది. గంటకు రెండు టన్నులు ఆరబెడుతుందని అమ్మకందారు చెప్పిన మాటనే మా అవసరంగా తీర్మానంలో రాసుకుని బయానా ఇచ్చాము. పొరపాటు అక్కడే జరిగింది.

ఎంత తేమ నుండి ఎంత తేమకు అని మాలో ఒక్కరమూ అడగలేదు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించకూడదు. ముసురు పట్టిన ఆ వారంలో కోత మిషను నుండి ట్రాక్టరులోకి పడిన మా స్వర్ణ రకం ధాన్యం మీటరు మీద 24 చూపించింది. అంటే వెయ్యి కిలోలకు సుమారు 84 కిలోల నీరు లాగాలి. రెండు టన్నుల లెక్క రెండు శాతం తేమ తగ్గించడానికే వర్తిస్తుందన్న సంగతి కొటేషను రెండో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నది. సాయంత్రం పోసిన మొదటి లోడు తెల్లవారేదాకా దిగలేదు. వంతు కోసం నిలిచిన ట్రాక్టర్లలో బరకం ఎత్తి చెయ్యి పెడితే ధాన్యం వేడిగా తగిలింది, మూడో రోజుకు గింజ రంగు మారింది. ఆ నష్టం రైతులే భరించారు.

కరెంటు సంగతీ ముందు చూసుకోలేదు. వ్యవసాయ మోటార్లకు పగలు తొమ్మిది గంటలిచ్చే సరఫరా మీద రాత్రంతా తిరిగే యంత్రం నడవదు కనుక, వేరే కనెక్షను వచ్చేదాకా డీజిలు జనరేటరు అద్దెకు తెచ్చాము.

కొటేషను అడగకముందే కోతల రోజుల్లో నాలుగైదు పొలాల ధాన్యానికి తేమ కొలిచి, రోజుకు 75 కిలోల బస్తాలు గరిష్ఠంగా ఎన్ని వస్తాయో రాసుకోండి. కళ్ళాల్లో ధాన్యం తిరగేసే ఆడవాళ్ళను తప్పక అడగండి. మబ్బు రోజుల్లో ఆరడానికి ఎంత కాలం పడుతుందో వారికి తెలిసినంత మా కమిటీలో ఎవరికీ తెలియదు, అయినా వారిని మేము పిలవనే లేదు. ఇప్పటికే డ్రయ్యరు నడుపుతున్న సంఘం దగ్గరకు సీజనులోనే వెళ్ళి, ఒక లోడు పోసినప్పటి నుండి దింపేదాకా అక్కడే ఉండి చూడండి.

మాకు అమ్మకందారు ఏప్రిల్‌లో, ఎండకు సగం ఆరిన దాళ్వా (రబీ) ధాన్యం మీద యంత్రం నడిపి చూపించాడు. అలాంటి ప్రదర్శన చూసి సంతకం పెట్టవద్దు. 24 నుండి 17 శాతానికి దించడానికి లోడుకు ఎన్ని గంటలు పడుతుందో కొటేషనులోనే రాయించి, మీ సార్వా పచ్చి ధాన్యం మీద అది నిజమని తేలాకే మిగతా సొమ్ము చెల్లించండి.