బతూరా, బ్రోమోనా? సూర్యోదయానికి ఏ కొండ ఎక్కితే మేలు

బాలి వెళ్తున్నామని చెప్పగానే సగం మంది "బతూర్ కొండ మీద సూర్యోదయం వదలొద్దు" అంటారు. మిగతా సగం మంది "అంత దూరం వెళ్ళి బ్రోమో చూడకుండా వస్తారా?" అంటారు. రెండూ ఇండోనేషియాలోనివే, రెండూ ఇంకా చల్లారని అగ్నిపర్వతాలే. అరవై దాటిన మా అత్తయ్యగారిని వెంటబెట్టుకుని ఒకే ట్రిప్పులో రెండూ చూశాం కాబట్టి, నాకు అర్థమైనంత చెబుతాను.

బతూర్ బాలిలోనే, కింతామణి ప్రాంతంలో ఉంది. ఎత్తు 1,717 మీటర్లు. ఉబుద్ పట్టణంలో దిగినవాళ్ళకు కారులో గంట, గంటన్నర ప్రయాణం. రెండు గంటలకల్లా నిద్ర లేవాలి, నాలుగింటికి నడక మొదలుపెట్టాలి. బాలి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. అంటే అక్కడ రెండైనప్పుడు మన ఒంటికి ఇంకా రాత్రి పదకొండున్నరే! అందుకే దిగిన మర్నాడే ఈ ట్రెక్ పెట్టుకోవద్దు. కనీసం రెండు రాత్రులు నిద్రపోయాక వెళ్ళండి.

మొదటి గంట దారి మామూలుగానే ఉంటుంది. ఆ తర్వాతే అసలు కష్టం. కాలి కింద మట్టి ఉండదు, బొగ్గులాంటి నల్లటి లావా రాళ్ళు, వాటి మధ్య బూడిద రంగు రవ్వ. రెండడుగులు పైకేస్తే ఒకటి కిందికి జారుతుంది. టార్చి వెలుగులో ముందు నడిచేవాళ్ళ మడమలు తప్ప ఏమీ కనిపించదు. చెప్పులతో వచ్చినవాళ్ళు ఇద్దరు సగంలోనే కూర్చుండిపోయారు. మంచి పట్టున్న బూట్లు లేకపోతే ఈ కొండ జోలికి వెళ్ళకండి.

పైన మాత్రం ఆ కష్టమంతా మర్చిపోతాం. కింద బతూర్ సరస్సు, ఎదురుగా అబాంగ్ కొండ, దాని వెనక ఆగుంగ్ శిఖరం, ఆకాశం తేటగా ఉంటే సముద్రం అవతల లొంబోక్ ద్వీపంలోని రింజాని కూడా కనిపిస్తాయి. రాళ్ళ సందుల్లోంచి వచ్చే ఆవిరిలో గైడు గుడ్లు ఉడకబెట్టి ఇచ్చాడు. చలికి వణికే వేళ్ళతో ఆ వేడి గుడ్డు పెంకు ఒలుచుకుంటుంటే, కింద నిజంగానే నిప్పుందని నాకు అప్పుడు నమ్మకం కలిగింది.

బ్రోమో సంగతి వేరు. అది తూర్పు జావాలో ఉంది. సురబయా నగరం నుంచి కొండ దగ్గరి ఊరు చెమొరో లావాంగ్‌కు కారులో మూడు నాలుగు గంటలు పడుతుంది. సూర్యోదయం చూసేది బ్రోమో మీద నుంచి కాదు, ఎదురుగా 2,770 మీటర్ల ఎత్తున్న పెనంజకాన్ నుంచి. అక్కడిదాకా జీపు వెళ్తుంది, కాళ్ళకు పెద్దగా పని ఉండదు. కానీ చలి మాత్రం చాలా గట్టిది. జూలై, ఆగస్టుల్లో సున్నా దగ్గరికి దిగుతుంది. స్వెట్టర్, మంకీ క్యాప్ రెండూ ఉండాలి.

తెల్లారేటప్పటికి కింద ఇసుక మైదానమంతా పొగమంచుతో నిండి ఉంటుంది. అందులోంచి బ్రోమో పొగ, వెనక 3,676 మీటర్ల సెమేరు కొండ. కేవలం కంటికి కనిపించే అందమే లెక్కైతే బతూర్ దీని ముందు తేలిపోతుంది. ఈ మాట బతూర్ అంటే ఎంతో ఇష్టం ఉండి కూడా చెబుతున్నాను.

ఆ తర్వాత జీపు దిగి ఇసుకలో నడిచి, సుమారు 250 మెట్లెక్కితే బ్రోమో నోరు. అత్తయ్యగారు "నువ్వెళ్ళమ్మా, నేనిక్కడే కూర్చుంటాను" అన్నారు. పైన వినాయకుడి విగ్రహం ఉందని గైడు చెప్పగానే లేచారు. ఇసుకలో గుర్రం మీద, మెట్ల మీద నా భుజం పట్టుకుని, ఆగి ఆగి ఎక్కేశారు. చుట్టుపక్కల ఊళ్ళలో ఉండే తెంగ్గెర్ ప్రజలు హిందువులు. ఏటా కసాద పండుగకు పంటలు, కూరగాయలు, కోళ్ళు తెచ్చి ఆ బిలంలో సమర్పిస్తారు. అత్తయ్యగారు కూడా అక్కడ కొన్న పూలకట్టను లోపలికి వేసి, చాలాసేపు చేతులు జోడించి నిలబడ్డారు.

ఇక ఏది మేలంటే, బాలిలో నాలుగైదు రోజులే ఉంటే బతూర్ చాలు. బ్రోమో కోసం సురబయా విమానమెక్కి, రెండు రోజులు ఖర్చుపెట్టి హడావుడి పడొద్దు. ఇంట్లో మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఉంటే బతూర్ వాలు మీదికి కూడా జీపులు వెళ్తాయి, శిఖరం దాకా కాకపోయినా సూర్యోదయం బాగానే కనిపిస్తుంది. వారం పైన సెలవుండి, పెద్దవాళ్ళు వెంట ఉంటే మాత్రం నా ఓటు బ్రోమోకే.

ఇంకొక్క మాట. సంక్రాంతి సెలవులకు రెండింటికీ వెళ్ళొద్దు, అక్కడ జనవరి అంటే జోరు వానలు. మన ఎండాకాలం సెలవులే సరైన సమయం. బయల్దేరే ముందు రోజు కొండ తెరిచి ఉందో లేదో హోటల్లో అడగండి. బ్రోమో పొగ ఎక్కువైతే దగ్గరికి పోనివ్వరు.