ట్యాంకు కాని ట్యాంకు: బ్యూల్ ఫైర్‌బోల్ట్‌తో ఏడేళ్లు

ఈ బండిలో ఇంజన్ ఆయిల్ ఎంత ఉందో చూడాలంటే వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చోవాలి. చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ లోపల బోలుగా ఉంటుంది, ఆయిల్ అందులోనే. పెట్రోలేమో ఫ్రేములో. ట్యాంకులా కనిపించేది ట్యాంకు కాదు, పై మూత తీస్తే కింద ఎయిర్ ఫిల్టర్ ఉంటుంది. సైలెన్సర్ ఇంజన్ పొట్ట కింద. వీడియో కాల్‌లో ఇదంతా చూపిస్తే మా నాన్న, "దీన్ని చేసినోడికి ఇల్లు సర్దుకోవడం రాదురా" అన్నారు. ముప్పై ఏళ్లు ఒకే చేతక్ నడిపిన మనిషి, ఆయన్ని తప్పుపట్టలేను.

బండి 2007 మోడల్ బ్యూల్ ఎక్స్‌బీ12ఆర్ ఫైర్‌బోల్ట్. 1203 సీసీ, గాలితో చల్లబడే వి-ట్విన్ (వి ఆకారంలో రెండు సిలిండర్లు), 103 హార్స్‌పవర్, ఐదు గేర్లు, చైను బదులు బెల్టు. సెకండ్ హ్యాండ్‌లో 3,200 డాలర్లకు కొన్నాను. మేముండేది అమెరికాలో, మిల్వాకీ పక్కన బ్రూక్‌ఫీల్డ్‌లో. మిల్వాకీ హార్లీ డేవిడ్‌సన్ పుట్టిన ఊరు కాబట్టి సిగ్నల్ దగ్గర ఎటు చూసినా హార్లీలే. వాటి మధ్య నా బండి, పెళ్లికి లుంగీతో వచ్చిన చుట్టంలా ఉంటుంది.

ముందు బండి నడక సంగతి. నీళ్ల బిందె చంకన పెట్టుకుంటే ఎంత దూరమైనా నడుస్తాం. అదే బిందెను చెయ్యి చాచి పట్టుకుంటే రెండడుగులు వెయ్యలేం. ఈ బండి లెక్కంతా అదే. బరువున్న ప్రతిదాన్నీ మధ్యకు, కిందకు లాగారు. రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం 1320 మిల్లీమీటర్లు. ఇప్పటి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి అది 1390. అంటే పన్నెండొందల సీసీ బండి మన క్లాసిక్ కంటే పొట్టిది. మా ఇంటికి పడమట కెటిల్ మొరైన్ అడవి ఉంది, ఎప్పటివో హిమనదాలు తోసిపోయిన గుట్టల మీదుగా రోడ్డు మెలికలు తిరుగుతుంది. అక్కడ మలుపులో సగం దూరం వెళ్లాక కూడా మనసు మార్చుకుని ఇంకొంచెం లోపలికి వంచొచ్చు, బండి విసుక్కోదు. కాలేజీలో ఆర్‌ఎక్స్ 100 నడిపిన రోజుల తర్వాత ఒక బండి నా నడుం మాట ఇంతగా వినడం ఇదే.

బ్రేకు గురించి కూడా చెప్పాలి. ముందు చక్రానికి ఒకటే డిస్కు, 375 మిల్లీమీటర్లది. మామూలుగా డిస్కును చక్రం నడిబొడ్డున బిగిస్తారు. ఇక్కడ అంచుకు బిగించారు, డిస్కును నొక్కిపట్టే కాలిపర్ లోపలి వైపు నుంచి పట్టుకుంటుంది. బ్రేకు బలం నేరుగా రిమ్ముకే పోతుంది కాబట్టి మధ్యలో ఉండే స్పోకులు సన్నగా, తేలిగ్గా చేసుకోవచ్చు. చూసినవాళ్లు ఎవరో తిరగేసి బిగించారనుకుంటారు. మా అమ్మాయి దానికి పెట్టిన పేరు పళ్లెం.

ఇక కష్టాలు. ఎండాకాలం ట్రాఫిక్‌లో వెనక సిలిండర్ వేడి కుడి తొడను కాలుస్తుంది, జీన్స్ లేకుండా ఎక్కొద్దు. తాళం తీసేశాక కూడా ఫ్యాను చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. గుడి పార్కింగ్‌లో ఒకాయన పరుగెత్తుకొచ్చి "బాబూ, బండి ఆపడం మర్చిపోయారు" అని చెప్పాడు. హ్యాండిల్ తిరిగేది కొంచెమే, గ్యారేజీలోంచి బయటకు తీయాలంటే నాలుగుసార్లు ముందుకూ వెనక్కూ నెట్టాలి. సిగ్నల్ దగ్గర ఆగితే అద్దాలు వణుకుతాయి, వెనక ఉన్నది పోలీసు కారో పాల వ్యానో తెలియదు. 3000 ఆర్‌పీఎం దాటాక మాత్రం మంత్రం వేసినట్టు వణుకు పోతుంది. పెట్రోలు పట్టేది 14 లీటర్లు, నాకు లీటరుకు పద్దెనిమిది కిలోమీటర్లు వస్తోంది. అంటే ఒకసారి నింపితే దాదాపు 250 కిలోమీటర్లు, చాలు. నా మణికట్లు కూడా అంతకంటే ఎక్కువ దూరం ఒప్పుకోవు.

అసలు టెన్షన్ పార్టులది. నాలుగేళ్ల కిందట కంకర పోసిన రోడ్డు మీద ఒక రాయి బెల్టుకూ పుల్లీకీ మధ్య ఇరుక్కుంది. టప్‌మని చప్పుడు, ఆ తర్వాత ఇంజన్ అరుస్తోంది కానీ బండి కదలదు. తప్పు నాదే, ఆ రోడ్డు తప్పించి వెళ్లాల్సింది. ట్రక్కు మీద ఒక షోరూముకు పంపిస్తే, ఇంత పాత బండిని ముట్టుకోం అన్నారు. ఆన్‌లైన్‌లో ఒక షాపు వాళ్లు వేరే మోడల్ బెల్టు పంపారు. అది వెనక్కి పంపి అసలుది తెప్పించుకునే సరికి ఆరు వారాలు. మంచు వల్ల ఇక్కడ బండి నడిపే కాలమే ఆరేడు నెలలు, అందులో ఆరు వారాలు పోయాయి. ఆ బెల్టు మార్చే పని నేనే నేర్చుకున్నాను, ఈ బండి ఉన్నవాళ్లకు అది తప్పదు.

ఎందుకిలా అంటే, చేసిన కంపెనీ లేదు కాబట్టి. ఎరిక్ బ్యూల్ రేసర్, హార్లీలో ఇంజనీరు. 1983లో సొంతంగా బ్యూల్ కంపెనీ మొదలుపెట్టాడు. 1993లో హార్లీ 49 శాతం తీసుకుంది, తర్వాత మొత్తం తనదే చేసుకుంది. 2009లో డానీ ఎస్లిక్ బ్యూల్ 1125ఆర్ మీద అమెరికాలో డేటోనా స్పోర్ట్‌బైక్ చాంపియన్‌షిప్ గెలిచాడు. అదే ఏడాది అక్టోబర్ 15న హార్లీ, బ్యూల్‌ను మూసేస్తున్నామని ప్రకటించింది. ఆ నెలాఖరున చివరి బండి బయటికొచ్చే సరికి మొత్తం చేసినవి 1,36,923 బండ్లు. మన దగ్గర స్ప్లెండర్లు ఒక్క నెలలోనే అంతకంటే ఎక్కువ అమ్ముడవుతాయి.

ఆ నవంబర్‌లోనే ఎరిక్ తన పేరుతో ఎరిక్ బ్యూల్ రేసింగ్ అని మళ్లీ మొదలుపెట్టాడు, పాత బ్యూల్ ఫ్యాక్టరీ ఉన్న ఈస్ట్ ట్రాయ్ ఊళ్లోనే. ఇక్కడే మనవాళ్లు కథలోకి వస్తారు. 2013లో హీరో మోటోకార్ప్ 25 మిలియన్ డాలర్లు పెట్టి 49.2 శాతం వాటా కొంది. 2014 ఆటో ఎక్స్‌పోలో హీరో, ఎరిక్ కంపెనీతో కలిసి చేసిన హెచ్ఎక్స్250ఆర్ బండిని చూపించినప్పుడు హైదరాబాద్‌లో మా క్లాస్‌మేట్లు ఒకటే హడావుడి. "ఒరేయ్, మీ ఊరి బండి మా ఊరికి వస్తోంది" అని అర్ధరాత్రి ఫోన్లు. రాలేదు. 2015 ఏప్రిల్‌లో ఈస్ట్ ట్రాయ్ కంపెనీ చేతులెత్తేసింది. 2016లో కొత్త యజమానులు కొని మళ్లీ తెరిచారు, 2017 జనవరిలో మళ్లీ ఆపేశారు. 2021లో మిషిగన్‌లోని గ్రాండ్ ర్యాపిడ్స్ నుంచి బ్యూల్ పేరుతోనే మళ్లీ వచ్చారు. ఈసారి ఎరిక్ బ్యూల్ అందులో లేడు.

దీపం ఇన్నిసార్లు ఆరి వెలిగితే ఆశ ఎలా ఉంటుందో మా బాబాయిని చూస్తే తెలుస్తుంది. విజయవాడలో ఆయనకు యెజ్డీ రోడ్‌కింగ్ ఉంది. మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడ్డా, "చూడరా, మళ్లీ తెరుస్తారు" అని పాతికేళ్లు చెప్పారు. 2022లో యెజ్డీ పేరు నిజంగానే తిరిగొచ్చింది. షోరూముకెళ్లి, ఎక్కి కూర్చుని, దిగి ఇంటికొచ్చేశారు. "పేరు వచ్చింది గానీ చప్పుడు రాలేదురా." పాతది టూ స్ట్రోక్, కొత్తది ఫోర్ స్ట్రోక్. మర్నాడు పొద్దున పాత బండికి ప్లగ్గు మార్చుకున్నారట.

నేను కూడా ఒక బైక్ షోలో కొత్త బ్యూల్ హ్యామర్‌హెడ్ మీద కూర్చున్నాను. 1190 సీసీ, 185 హార్స్‌పవర్. పెట్రోలు ఇప్పటికీ ఫ్రేములోనే, డిస్కు ఇప్పటికీ రిమ్ముకే. కానీ బెల్టు పోయి చైను వచ్చింది, గాలితో చల్లబడే ఇంజన్ పోయి నీళ్లది వచ్చింది. బాబాయిలాగా దిగి వచ్చేయలేదు, చాలాసేపు కూర్చున్నాను. బాగుంది. అంత డబ్బు నా దగ్గర లేదు, 185 హార్స్‌పవర్‌తో నాకు పనీ లేదు. పక్కనే నిలబడ్డ తెల్లగడ్డం పెద్దాయన దగ్గర ఇలాంటి పాత బ్యూల్‌లు నాలుగున్నాయట. మేమిద్దరం ఆ మెరిసే బండి ముందు నిలబడి మాట్లాడుకున్నది వెనక చక్రం బేరింగుల గురించి. కంపెనీ నిలబడాలని ఆయనా కోరుకుంటున్నాడు, నేనూ కోరుకుంటున్నాను. రేపెప్పుడైనా అదే చేత్తో పాత బండ్లకు బెల్టులు, బేరింగులు, అద్దాలు చేసిపెడతారేమోనన్నదే మా స్వార్థం.

కొనొచ్చా అంటే, ఇంట్లో ఇంకో బండి ఉంటే, చేతికి గ్రీజు అంటితే మొహం మాడ్చుకోని మనిషైతే, కొనండి. ఈ డబ్బుకు మలుపుల్లో ఇంత ఆనందం ఇచ్చేది ఇంకోటి నాకు తెలియదు. రోజూ ఆఫీసుకు వెళ్లడానికైతే వద్దు. కొత్త కంపెనీ నిలబడుతుంది, అప్పుడు పాత బండ్లకు పార్టులు దొరుకుతాయిలే అన్న ఆశతో మాత్రం కొనకండి. కొనేముందు ఆయిల్ చూడండి, ఎక్కడ చూడాలో చెప్పాను కదా. బెల్టు అంచుల్లో చీలిక ఉందేమో టార్చి వేసి చూడండి. వెనక చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపండి, కదిలితే బేరింగులు అరిగినట్టే, బేరం ఇంకో మూడొందల డాలర్లు తగ్గించండి.

నా గ్యారేజీ గోడకు ఇప్పుడు రెండు స్పేర్ బెల్టులు వేలాడుతున్నాయి. మూడోది నిన్న రాత్రి ఆర్డర్ చేశాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు.