లాస్కీ-డిమిల్ కొట్టం: హాలీవుడ్‌లో ముందు చూడాల్సింది ఇదే

హాలీవుడ్ బులవార్డ్‌లో కాలిబాట మీద తారల పేర్లతో పొదిగిన నక్షత్రాల పక్కన ఫొటోలు దిగి వెనక్కి తిరిగేవాళ్లే ఎక్కువ. అక్కడికి కిలోమీటరు దూరంలో, హైలాండ్ అవెన్యూ మీద, కచేరీలు జరిగే ఆరుబయటి వేదిక హాలీవుడ్ బౌల్‌కి ఎదురుగా ఒక చెక్క కొట్టం ఉంది. హాలీవుడ్ హెరిటేజ్ మ్యూజియం అదే. తారల మైనపు బొమ్మల కోసమైతే వేరే చోటికి వెళ్లండి. ఇక్కడ అసలు ప్రదర్శన ఆ కట్టడమే.

1913 డిసెంబరులో నిర్మాత జెస్సీ లాస్కీ కంపెనీ తరఫున దర్శకుడు సెసిల్ బి. డిమిల్ బృందం 'ది స్క్వా మ్యాన్' సినిమా తీయడానికి దీన్ని అద్దెకు తీసుకుంది. అప్పట్లో ఇది సెల్మా, వైన్ వీధుల మూలన ఉండేది. ఒక పక్క సినిమా పని, మరో పక్క యజమాని గుర్రాలు! 1926లో పారమౌంట్ వాళ్లు దీన్ని తమ స్టూడియో ఆవరణలోకి తరలించి, తర్వాత జిమ్‌గా వాడుకున్నారు. 1983లో ఇప్పుడున్న చోటికి చేరింది, 1985లో మ్యూజియం అయింది. 1996లో మంటలు అంటుకుని మూతపడి, 1999లో మళ్లీ తెరుచుకుంది. పాత పుస్తకం పట్టుకుని సెల్మా మూలన వెతికితే కొట్టం దొరకదు.

లోపల డిమిల్ ఆఫీసు గదిని మళ్లీ అమర్చారు. స్టిల్స్, దుస్తులు త్వరగా చూసేసినా ఫరవాలేదు గానీ కెమెరాలు, ప్రొజెక్టర్ల దగ్గర మాత్రం ఆగండి. 35 మి.మీ. ఫిల్ముకు ఫ్రేముకు నాలుగు, అడుగుకు 64 చిల్లులు ఉండాలి. 'స్క్వా మ్యాన్' నెగెటివ్‌లో ఆ లెక్క తప్పడంతో ప్రొజెక్టర్ పళ్లకు చిల్లులు సరిగ్గా పడక, తెర మీద బొమ్మ నిలవలేదు. ఫిలడెల్ఫియాలో సినిమా నిర్మాత సీగ్మండ్ లూబిన్ మనుషులు అంచుకు పట్టీ అతికించి, కొత్తగా చిల్లులు కొట్టి కంపెనీని గట్టెక్కించారు.

ఆనాటి నైట్రేట్ రీళ్లు (త్వరగా మండే పాత రకం ఫిల్ము) చూడాలనే ఆశ మాత్రం వద్దు. మండడానికి కావలసిన ఆక్సిజన్ నైట్రేట్‌లోనే ఉంటుంది కాబట్టి నీళ్లలో ముంచినా ఆరదు; చెక్క భవనంలో ఉంచే సరుకు కాదది. 1912-29 మధ్య అమెరికాలో వచ్చిన దాదాపు 11 వేల మూకీ ఫీచర్ సినిమాల్లో అసలు 35 మి.మీ. రూపంలో పూర్తిగా మిగిలినవి 14 శాతమే.

మ్యూజియం ప్రధానంగా శని, ఆదివారాల్లో కొద్ది గంటలే తెరుస్తారు, బయల్దేరే ముందు వేళలు సరిచూసుకోండి. వాలంటీర్లే చూపిస్తారు, అడిగితే ఓపిగ్గా చెబుతారు. గంటన్నర చాలు. కారులో వెళ్తే బౌల్ కచేరీల క్యాలెండర్ కూడా చూడాలి. వేసవిలో కచేరీ ఉన్న రోజు అక్కడ పార్కింగ్ నరకమే. మెట్రో బి లైన్‌లో హాలీవుడ్/హైలాండ్ స్టేషన్లో దిగి ఉత్తరంగా ఎత్తు మీదికి నడవడమే మేలు. బస యూనివర్సల్ సిటీ వైపు పెట్టుకుంటే హాలీవుడ్/హైలాండ్‌కి ఒక్క స్టేషనే.

శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉండేవాళ్లకు ఫ్రీమాంట్‌లోని నైల్స్ ఎసానే మూకీ చిత్రాల మ్యూజియం దగ్గర. 1915లో చాప్లిన్ పనిచేసిన ఎసానే కంపెనీ స్టూడియోను 1933లోనే కూల్చేశారు. మ్యూజియం ఉన్నది 1913 నాటి ఎడిసన్ థియేటర్లో. కట్టడం కోసమైతే కొట్టానికే నా ఓటు. మూకీ సినిమాను పియానోతో సహా తెర మీద చూడాలంటే మాత్రం నైల్స్‌కే వెళ్లాలి.