భూటాన్ యాత్ర: ముప్ఫై మందితోనా, పది మందితోనా?

భూటాన్ వెళ్దామనుకున్న వారెవరైనా ముందు అడిగేది ఖర్చెంత అని, తరువాత ఎన్ని రోజులని. నన్నడిగితే ఈ రెండింటికన్నా ముందు తేల్చుకోవలసింది మరొకటి ఉంది. ఎంతమందితో వెళ్తున్నాం? ఆ బృందంలో ఎప్పుడు కదలాలో, ఎక్కడ ఆగాలో చెప్పేది ఎవరు? కొండలూ లోయలూ కోటలూ ఎవరు వెళ్ళినా అవే. వాటి ముందు ఎంతసేపు నిలబడగలమన్నది మాత్రం మనం ఎంచుకున్న బృందాన్ని బట్టే ఉంటుంది.

ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి, పర్యాటక సంస్థలు తేదీలు ముందే ప్రకటించి నడిపే పెద్ద టూరు. పాతిక ముప్ఫై మంది, వెంట ఒక మేనేజరు, గంటల వారీగా రాసిపెట్టిన కార్యక్రమం. రెండోది, బంధువులో స్నేహితులో ఎనిమిది పది మంది కలిసి భూటాన్‌లోని నిర్వాహకుడితో నేరుగా మాట్లాడుకుని ఒక గైడునూ ఒక వాహనాన్నీ కుదుర్చుకోవడం. గైడు లేకుండా మనంతట మనమే తిరగడమనే మూడో దారిని నేను లెక్కలోకి తీసుకోవడం లేదు. రాజధాని థింఫూ, విమానాశ్రయమున్న పారో దాటి లోపలికి వెళ్ళాలంటే గైడు తప్పనిసరి. ఆ రెండు ఊళ్ళూ చూసి వెనుదిరిగితే, రెండు నదులు కలిసే చోట కోట ఉన్న పునాఖా లోయ మిగిలిపోతుంది. అంత దూరం వెళ్ళి పునాఖా చూడకుండా రావడానికి నాకు మనసొప్పదు.

ముందుగా డబ్బు సంగతి. భూటాన్ ప్రభుత్వం పర్యాటకుల నుంచి రాత్రికి ఇంత అని సుస్థిర అభివృద్ధి రుసుము వసూలు చేస్తుంది. కొవిడ్ తరువాత 2022 సెప్టెంబరులో సరిహద్దులు తిరిగి తెరిచినప్పటి నుంచి భారతీయులకు ఇది తలకు రాత్రికి 1,200 రూపాయలు. ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు అందులో సగం. అంతకన్నా చిన్నవారికి లేదు. ఆరు రాత్రులుంటే పెద్దవారికి 7,200 రూపాయలు. హోటలు, వాహనం, గైడు, దర్శనీయ స్థలాల టికెట్లు వేరు. విదేశాల్లో స్థిరపడిన పిల్లలతో కలిసి వెళ్ళే కుటుంబాలు ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. భారతీయులకున్న ఈ తక్కువ రేటు పాస్‌పోర్టును బట్టే వర్తిస్తుంది. అమెరికా పాస్‌పోర్టు ఉన్న మనవడికి భారతీయుల రేటు వర్తించదు. మిగతా విదేశీయుల్లాగే వీసా తీసుకోవాలి, రుసుమూ వారి రేటు ప్రకారమే కట్టాలి. 2023 సెప్టెంబరులో తగ్గించిన తరువాత కూడా అది పెద్దవారికి రాత్రికి 100 డాలర్లు. ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేసే ఇద్దరికి ఖర్చులో ఇంత తేడా ఉంటుందని ముందే తెలియకపోతే, లెక్కంతా చివరి నిమిషంలో తలకిందులవుతుంది.

రుసుము రాత్రుల లెక్కన ఉండటం వల్ల చాలామంది తక్కువ రాత్రుల్లో ఎక్కువ చోట్లు చుట్టేయాలని చూస్తారు. పెద్ద టూర్లు అమ్ముడుపోయేదీ ఈ ఆశ మీదే. నాలుగు రాత్రుల్లో మూడు లోయలు, ఇరవై దర్శనీయ స్థలాలు అని కరపత్రం మీద చదవడానికి బాగానే ఉంటుంది. కానీ థింఫూ నుంచి పునాఖాకు దూరం డెబ్బై అయిదు కిలోమీటర్లే అయినా కొండ మలుపుల్లో రెండున్నర మూడు గంటలు పడుతుంది. మధ్యలో 3,100 మీటర్ల ఎత్తున దోచులా కనుమ. అక్కడ 108 స్తూపాలు ఒకే చోట కొలువుదీరి ఉంటాయి. మబ్బు విడిచిన రోజున వాటి వెనక హిమాలయ శిఖరాలు వరుసగా కనిపిస్తాయి. మబ్బు ఎప్పుడు విడుస్తుందో కార్యక్రమ పత్రంలో రాసి ఉండదు. పెద్ద బస్సులో ఇచ్చిన ఇరవై నిమిషాలు అయిపోతే ఎక్కేయాల్సిందే. సొంత వాహనంలో వెళ్ళినవారు మరో కప్పు టీ తాగుతూ ఇంకో అరగంట చూడవచ్చు.

తలకు పడే ఖర్చులో పెద్ద బృందానిదే పైచేయి అనుకుంటాం. కొంతవరకు నిజమే. అయితే గైడుకీ డ్రైవరుకీ వాహనానికీ ఇచ్చేది రోజుకు ఇంత అని ఉంటుంది. దాన్ని నలుగురు పంచుకుంటే బరువు, ఎనిమిది మంది పంచుకుంటే సగానికి సగం తేలిక. ఎనిమిది నుంచి పదహారుకు వెళ్తే మాత్రం తగ్గుదల అంతగా కనిపించదు, ఎందుకంటే అప్పటికి ఇంకా పెద్ద వాహనం కావాలి, గైడుకు తోడు ఇంకొకరు కావాలి. అందుకే నా లెక్కలో ఎనిమిది నుంచి పది మంది అనేది సరైన సంఖ్య. నలుగురే ఉంటే ఇంకో కుటుంబాన్ని కలుపుకోవడం మేలు. పద్నాలుగు మంది పోగైతే రెండు వాహనాలుగా విడిపోవడం మేలు.

ఇక అసలు తేడా బయటపడే చోటు తక్త్‌సాంగ్. పారో లోయ పైన, సముద్రమట్టానికి 3,120 మీటర్ల ఎత్తున, కొండ చరియకు అంటుకుని ఉండే ఈ మఠాన్ని బౌద్ధ గురువు పద్మసంభవుడు ధ్యానం చేశాడని చెప్పే గుహ చుట్టూ 1692లో కట్టారు. 1998లో అగ్నిప్రమాదంలో చాలా భాగం కాలిపోతే మళ్ళీ కట్టి 2005లో పూర్తి చేశారు. కింద కార్లు ఆగే చోటు నుంచి పైకి దాదాపు అయిదు వందల మీటర్ల ఎత్తు ఎక్కాలి. మొదట పైన్ చెట్ల మధ్య మట్టిదారి, సగం దూరాన ఒక ఫలహారశాల. గుర్రం మీద వచ్చినవారు అక్కడ దిగిపోవాలి. అక్కడి నుంచి ఇంకా పైకెక్కితే మఠం ఎదురుగా, చేయి చాస్తే అందేంత దగ్గరగా కనిపిస్తుంది. కానీ మధ్యలో లోయ ఉంది. వందల మెట్లు దిగి, జలపాతం పక్కనున్న వంతెన దాటి, మళ్ళీ మెట్లెక్కితే తప్ప గుమ్మం రాదు. మోకాళ్ళ నొప్పులున్న వారికి ఎక్కడం కన్నా ఈ దిగడమే కష్టం.

ఈ దారిలో ముప్ఫై మంది ఒకే వేగంతో నడవడం జరగని పని. యువకులు రెండు గంటల్లో పైకి చేరి మిగతావారి కోసం చూస్తుంటారు. అరవై దాటినవారు రొప్పుతూ, అందరినీ ఆలస్యం చేస్తున్నామనే బెంగతో నడుస్తారు. ఆ బెంగే వారిని శక్తికి మించి నడిపిస్తుంది. గైడు ముందున్న వారితో ఉండాలా వెనకున్న వారితోనా? మఠంలోకి ఫోన్లు, కెమెరాలు, సంచులు తీసుకెళ్ళనివ్వరు. గుమ్మం దగ్గర పెట్టెల్లో పెట్టి వెళ్ళాలి. లోపల ఏ మందిరంలో ఏముందో చెప్పేది గైడే. గైడు కింద ఉంటే పైకి చేరినవారు దండం పెట్టి బయటికి వచ్చేస్తారు. పది మందే ఉన్నప్పుడు ముందురోజు రాత్రి భోజనాల దగ్గరే తేల్చుకోవచ్చు. నలుగురు ఫలహారశాల దాకా, ఆరుగురు పైదాకా, మధ్యాహ్నం అందరూ ఫలహారశాల దగ్గర కలవాలి. ఎవరూ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

పునాఖా కోటలో ఇంకో తేడా తెలుస్తుంది. ఫో చూ, మో చూ నదులు కలిసే చోట, భూటాన్‌ను ఏకం చేసిన షబ్‌ద్రుంగ్ ఙవాంగ్ నామ్‌గ్యాల్ 1637లో మొదలుపెట్టిన కోట ఇది. రాజధాని థింఫూకు మారేదాకా పరిపాలన ఇక్కడి నుంచే సాగింది. చెక్క వంతెన దాటి ముందుకు వెళ్ళాక గైడు ఒక్క క్షణం ఆగుతాడు. తన సంచిలోంచి మడతపెట్టిన తెల్లని ఉత్తరీయాన్ని తీసి, ఎడమ భుజం మీదుగా చుట్టి, మడతలు సరిచేసుకుని, అప్పుడు లోపల అడుగుపెడతాడు. దాన్ని కబ్నే అంటారు. అది లేకుండా భూటాన్ పురుషులు కోటలోకి వెళ్ళరు. నిటారు చెక్కమెట్లెక్కితే బోధివృక్షమున్న ప్రాంగణం. ఆ పైన మందిరంలో ఫోటోలు తీయకూడదు. గట్టిగా మాట్లాడకూడదు. ఒక మూల భిక్షువులు పఠిస్తుంటారు. గోడల మీద బుద్ధుడి జీవితమంతా బొమ్మలై ఉంటుంది. అక్కడ గైడు చెవిలో చెప్పినట్టు చెబుతాడు. పది మంది దగ్గరగా చేరితే ఆ మాట అందరికీ అందుతుంది. ముప్ఫై మందిలో వెనక వరుసలో నిలబడినవారికి అది ఒక చీకటి గది, కొన్ని విగ్రహాలు, అంతే. యాత్రలో అత్యంత విలువైన అరగంట అలా చేజారడం చూస్తే బాధ కలుగుతుంది.

ఇంత చెప్పినా పెద్ద టూరే మేలైన సందర్భాలున్నాయి, వాటిని తక్కువ చేయను. ఒంటరిగా వెళ్ళదలచినవారికి, ముఖ్యంగా పిల్లలు దూరంగా ఉన్న పెద్దవారికి అదే సరైనది. తోడు దొరుకుతుంది, సామాను ఎవరో చూస్తారు, ఒంట్లో బాగాలేకపోతే పక్కన మన భాష మాట్లాడే మనిషి ఉంటాడు. ఒంటరి మనిషికి సొంత గైడూ కారూ అంటే ఖర్చు మోయలేనంత అవుతుంది. వసంతంలో పారోలో, శరత్తులో థింఫూలో ముసుగు నృత్యాలతో జరిగే త్సేచు ఉత్సవాల రోజుల్లో హోటల్ గదులు దొరకడం కష్టం. పెద్ద సంస్థలు వాటిని ఎంతో ముందే పట్టి ఉంచుతాయి. ఆ నృత్యాలు చూడాలనే వెళ్ళేవారు, ఏర్పాట్లకు సమయం లేనివారు ఆ సంస్థల వెంట వెళ్ళడమే తెలివైన పని. భోజనం కోసమైతే మాత్రం పెద్ద టూరు ఎంచుకోనక్కర్లేదు. మిరపకాయలనే కూరగా వండుకునే దేశమది. మిరపకాయలు, చీజ్‌తో చేసే ఎమా దత్సీ, బంగాళాదుంపలతో చేసే కేవా దత్సీ, ఎర్రబియ్యపు అన్నం ఉండగా శాకాహారికి ఇబ్బంది లేదు.

రోడ్డు మార్గమా, విమానమా అన్నది తరువాతి ప్రశ్న. పారో విమానాశ్రయం 2,200 మీటర్లకు పైబడిన ఎత్తున, కొండల నడుమ ఉంది. అక్కడ దిగడానికి ప్రత్యేక శిక్షణ పొందిన పైలట్లు కొద్దిమందే. దాదాపు అన్ని విమానాలూ పగటిపూటే, కొండలు కంటికి కనిపిస్తేనే దిగుతాయి. ఢిల్లీ నుంచి వెళ్ళేవారు ఎడమవైపు కిటికీ సీటు అడిగితే హిమాలయాలు వెంటే వస్తాయి. రోడ్డు మీదైతే ఫుంట్‌షోలింగ్ సరిహద్దు నుంచి థింఫూకు సుమారు 150 కిలోమీటర్లు, అయిదారు గంటలు. వెళ్ళేటప్పుడు విమానం, వచ్చేటప్పుడు రోడ్డు అన్నది నా అభిప్రాయం. వాతావరణం బాగాలేక విమానం ఆలస్యమైతే వెళ్ళేటప్పుడు పోయేది ఒక రోజు. వచ్చేటప్పుడు ఆలస్యమైతే అక్కడి నుంచి ఇంటికి కొన్న టికెట్లన్నీ పోతాయి. సొంత బృందంలో ఇలా కలిపి మాట్లాడుకోవచ్చు. పెద్ద టూరులో వారు పెట్టిందే దారి. వానాకాలంలో మాత్రం కొండచరియలు విరిగిపడే ఆ రోడ్డును ఎవరికీ సిఫారసు చేయను.

ఎన్ని లోయలు చూడాలన్న దానిలో నాకు సందేహం లేదు. ఆరు రాత్రులుంటే థింఫూ, పునాఖా, ఫోబ్జీఖా, పారో చాలు. బుంతాంగ్‌ను ఇందులో ఇరికించకూడదు, వెళ్ళిరావడంలోనే రోజులు కరిగిపోతాయి. పునాఖా దాదాపు 1,200 మీటర్ల ఎత్తున ఉండే వెచ్చని లోయ. అక్కడ రెండు రాత్రులు విశ్రాంతిగా గడిపి, తక్త్‌సాంగ్‌ను చివరి రోజుల్లో పెట్టుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్తే ఫోబ్జీఖా చిత్తడి నేలల్లో టిబెట్ నుంచి వలస వచ్చిన నల్లమెడ కొంగలను చూడవచ్చు. చలి గట్టిగా ఉంటుంది, కానీ ఆ కొంగల కోసం ఓర్చుకోవచ్చు.

పెద్ద టూరుకే మొగ్గు చూపేవారు డబ్బు కట్టే ముందు సంస్థను కొన్ని మాటలు రాతపూర్వకంగా అడగాలి. ఎంతమందికి ఒక భూటాన్ గైడు? తక్త్‌సాంగ్ రోజున వెనకబడినవారితో ఎవరుంటారు? రాత్రి రుసుమూ, స్మారకాల టికెట్లూ చెప్పిన ధరలో కలిసి ఉన్నాయా? సొంత బృందంగా వెళ్ళేవారైతే మరో పని ముందే చేసుకోవాలి. భారతీయులకు వీసా అక్కర్లేదు గానీ ప్రవేశ అనుమతికి పాస్‌పోర్టో ఓటరు గుర్తింపు కార్డో ఉండాలి. ఆధార్ పనిచేయదు. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువుండాలి, పిల్లలకు పాస్‌పోర్టు లేకపోతే జనన ధ్రువపత్రం కావాలి. పది మంది కార్డులూ ఒకరి దగ్గర పోగుచేసి, పేర్లు టికెట్ల మీద ఉన్నట్టే ఉన్నాయో లేదో సరిచూశాకే విమానానికి డబ్బు కట్టాలి.