లారీ వాషింగ్: షెడ్డు పెట్టాలా, బండి మీద తిరగాలా, ఏది మేలు?

మొన్న మా బావమరిది ఫోన్ చేసి, బావా లారీ వాషింగ్ మొదలెడదామనుకుంటున్నా, ర్యాంపు ఉన్న షెడ్డు తీసుకోమంటావా, లేక బండి మీద ట్యాంకు, మోటారు పెట్టుకుని లారీలు ఆగి ఉండే యార్డులు తిరగమంటావా అని అడిగాడు. విజయవాడ ఆటోనగర్ దగ్గర నేను రెండూ చేశాను, షెడ్డు నాలుగేళ్ళు, బండి రెండేళ్ళు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

కొత్తవాళ్ళంతా ప్రెజర్ మోటారు ఎన్ని హెచ్‌పీ తీసుకోవాలి అని అడుగుతారు గానీ అసలు లెక్క నీళ్ళది. వెయ్యి లీటర్లంటే టన్ను బరువు. టాటా ఏస్ లాంటి చిన్న బండి మోసేదే ముప్పావు టన్ను, దాని మీద వెయ్యి లీటర్ల ట్యాంకు, మోటారు, జనరేటరు, ఇద్దరు మనుషులు అంటే అస్సలు కుదరదు, బొలెరో పికప్ సైజు ఉండాల్సిందే. సరే, నిమిషానికి 15 లీటర్లు కొట్టే పంపుతో ఒక లారీకి 20 నిమిషాలు నీళ్ళు కొట్టే గన్ను నొక్కితే 300 లీటర్లు, అంటే నిండు ట్యాంకుకి మూడు లారీలు, నాలుగోదానికి నీళ్ళు చాలవు. పైగా ట్యాంకు సగం ఖాళీ అయ్యాక బ్రేక్ కొడితే నీళ్ళు వెనక నుంచి ఒక్క తోపు తోస్తాయి, ఒకసారి మలుపులో బండి ఊగిపోయి నా గుండె జారిపోయింది, ఆ వారమే ట్యాంకు లోపల అడ్డు రేకులు పెట్టించా. యార్డులో బోరు ఉండి మనల్ని పైపు తగిలించుకోనిస్తే ఈ బాధలేవీ ఉండవు, అందుకే యార్డు ఓనర్ గారిని రేటు కన్నా ముందు బోరు గురించే అడుగుతా.

షెడ్డుకి ఉన్న బలం ర్యాంపు. కైకలూరు, ఆకివీడు వైపు నుంచి చేపలు తెచ్చే బండ్లు చూడండి, ఐసు కరిగిన నీళ్ళు ఛాసిస్ మీదకి కారి కారి తుప్పు పట్టేస్తది, ఆ కింద భాగం నేల మీద పడుకుని కడిగితే సగం మురికి మన కళ్ళలోకే వస్తది. ర్యాంపు ఎక్కిస్తే నిలబడి శుభ్రంగా కొట్టొచ్చు, కడిగిన వెంటనే గ్రీజు కూడా పట్టించి పంపొచ్చు, అదో ఆదాయం. కానీ వానాకాలం బండ్లు రాకపోయినా అద్దె మాత్రం ఆగదు.

బండి మీద పని బాడీకి, క్యాబిన్‌కి, టైర్లకి బావుంటది. ఆదివారం యార్డులో 20 లారీలు ఆగి ఉంటాయి, డ్రైవర్ అన్నలు ఎక్కడికీ తీసుకెళ్ళక్కర్లేదు, లైనులో నిలబడక్కర్లేదు, అది ఓనర్‌కి బాగా నచ్చుతది. దసరా ఆయుధ పూజకి ముందైతే షెడ్ల దగ్గర క్యూ ఎలా ఉంటదో తెలిసిందే కదా, ఆ వారం బండి ఉన్నవాడికి నిద్ర ఉండదు.

ఎక్కడ కడిగినా సిమెంట్ బల్కర్‌కి, అంటే పొడి సిమెంటు మోసే ట్యాంకర్ లారీకి మాత్రం ముందు పొడి బ్రష్ కొట్టాలి, నేరుగా నీళ్ళు పోస్తే అక్కడే గట్టిపడి కూర్చుంటది. పొగ తక్కువ వదిలేలా చేసిన బీఎస్6 బండ్లకి సైలెన్సర్ దగ్గర సెన్సార్లు, వైరింగ్ కనెక్టర్లు ఉంటాయి, అక్కడికి గన్ను దగ్గరగా పెట్టొద్దు.

నా ఓటు, బోరున్న యార్డు ఒక్కటైనా నెలవారీగా చేతికొస్తే బండే. రోడ్డు పక్కన దొరికిన లారీల మీద ఆధారపడేట్టయితే ఆ బండి కొనొద్దు, షెడ్డే నయం. మావాడు ఈ ఆదివారం గొల్లపూడి వైపు ఒక యార్డు చూడ్డానికి వెళ్తున్నాడు, అక్కడి బోరు నీళ్ళు ఒక సీసాలో పట్టుకు రమ్మన్నా, ఉప్పు నీళ్ళయితే ఆరాక అద్దాల నిండా తెల్ల మచ్చలే.