రోమ్‌లో అధికారానికి కళ్లెం: జంట కాన్సుళ్లా, ట్రిబ్యూన్ వీటోనా, ఆరు నెలల గడువా?

చట్టాలు చేసేది ఒకరు, అమలు చేసేది ఒకరు, తీర్పు చెప్పేది ఒకరు అని మనం బడిలోనే చదువుకున్నాం. ఆ లెక్క పట్టుకుని పాత రోమన్ గణతంత్రాన్ని చూస్తే అయోమయమే మిగులుతుంది. అక్కడ ప్రీటర్ అనే అధికారి కోర్టూ నడిపేవాడు, అవసరమైతే సైన్యాన్నీ నడిపేవాడు. రోమన్లు పనులను విడదీయడం కన్నా, పని చేసేవాడి చెయ్యి పట్టుకుని ఆపే మనిషిని పెట్టడం మీదే ఎక్కువ ఆధారపడ్డారు. అలా ఆపే పద్ధతుల్లో ఏది మేలన్నదే నా ప్రశ్న.

మొదటిది జంట కాన్సుళ్లు. సంప్రదాయం ప్రకారం క్రీ.పూ. 509లో రాజును తరిమేశాక అతని అధికారాన్ని ఇద్దరికి అప్పగించారు. పదవి ఏడాదే. ఒకరు చెయ్యబోయే పనిని రెండోవారు వద్దంటే ఆగిపోవాల్సిందే. నగరంలో ఇది బాగానే పనిచేసింది. యుద్ధంలోనే చిక్కు. క్రీ.పూ. 216లో దక్షిణ ఇటలీలోని కన్నే దగ్గర, రోమ్ శత్రువు కార్తేజ్ సేనాని హానిబాల్‌కు ఎదురుగా కాన్సుళ్లు ఇద్దరూ ఉన్నారు. ఒకరోజు పౌలస్ ఆజ్ఞ, మర్నాడు వర్రో ఆజ్ఞ. ఆగుదామన్నది పౌలస్ మాట. వర్రో తన వంతు రోజున యుద్ధానికి దిగాడని రోమన్లు చెప్పుకున్నారు. ప్రాచీన లెక్కల్లో తక్కువది తీసుకున్నా ఆ ఒక్కరోజే 45,000 మందికి పైగా చనిపోయారు, పౌలస్‌తో సహా. తప్పంతా ఈ ఏర్పాటుదే అనను, కానీ సైన్యానికి రోజుకో యజమాని ఉండటం మంచిది కాదు.

ఈ చిక్కు రోమన్లకు ముందే తెలుసు. అందుకే డిక్టేటర్ పదవి ఉంది. ఆపద ముంచుకొస్తే ఒక్కడికే అధికారం, గరిష్ఠంగా ఆరు నెలలు. కన్నేకు ముందు ఏడాది ఫాబియస్ ఆ పదవిలో ఉండి, హానిబాల్‌తో నేరుగా తలపడకుండా సైన్యాన్ని కాపాడాడు. జనానికి ఓపిక పోయి అతని సహాయకుడు మినూసియస్‌కు సమాన అధికారం ఇచ్చారు. మినూసియస్ వెళ్లి ఉచ్చులో పడితే ఫాబియసే వచ్చి విడిపించాడు.

నాకు బాగా ఇష్టమైనది మూడోది. క్రీ.పూ. 494లో అప్పుల బాధ భరించలేక సామాన్యులు, అంటే ప్లెబియన్లు, ఊరు వదిలి కొండెక్కి కూర్చున్నారు. ఆ పట్టుదల వల్ల వాళ్ల తరఫున నిలబడటానికి దక్కిన అధికారులే ట్రిబ్యూన్లు. తర్వాత వీళ్ల సంఖ్య పదికి చేరింది. ట్రిబ్యూన్‌కు సైన్యం లేదు. ఉన్నది వీటో, అంటే ‘అడ్డుకుంటున్నాను’ అనే ఒక్క మాట. దానికి పెద్దల సభ అయిన సెనేట్ నిర్ణయమైనా, కాన్సుల్ ఆజ్ఞ అయినా ఆగాలి. అతని మీద చెయ్యి వేస్తే మహాపాపం. అతని ఇంటి తలుపు రాత్రింబవళ్లు తెరిచే ఉండాలి, రాత్రి ఊరు దాటి ఉండకూడదు. అధికారి ఎవరినైనా పట్టుకుపోతుంటే ‘ట్రిబ్యూన్’ అని కేక వేస్తే చాలు, అడ్డుపడే మనిషి ఉన్నాడు. పేదవాడి కోసం ఇంతకంటే సూటి ఏర్పాటు ఆ కాలంలో నాకు కనిపించదు.

దీనికీ లోపం ఉంది. నగరం నుంచి మైలు దాటితే ఆ మాట చెల్లదు. పదిమందిలో ఒక్కరు అడ్డుపడినా పని ఆగిపోతుంది కాబట్టి పెద్దలు ఒక్కరిని తమవైపు తిప్పుకుంటే చాలు. క్రీ.పూ. 133లో టైబీరియస్ గ్రాకస్ పేదలకు భూమి పంచే చట్టం తెస్తే, తోటి ట్రిబ్యూన్ ఆక్టేవియస్ అడ్డుకున్నాడు. టైబీరియస్ అతన్ని ఓటుతో పదవి నుంచి తీయించాడు. ఆ ఏడాదే సెనేటర్ల గుంపు టైబీరియస్‌ను కొట్టి చంపింది. చెయ్యి వేయకూడని మనిషే అలా చచ్చిపోయాడు.

సామాన్యుడికి ఏది మేలంటే ట్రిబ్యూన్ అనే చెబుతాను. రాజ్యానికి ఏది మేలంటే మాత్రం గడువే. వీటోకు అవతలివాడు భయపడాలి. గడువు దాటితే పదవే ఉండదు. ఆ గడువును పక్కన పెట్టినప్పుడే ఇల్లు కూలడం మొదలైంది. సేనాని మారియస్ క్రీ.పూ. 104 నుంచి 100 దాకా వరసగా ఐదేళ్లు కాన్సుల్. క్రీ.పూ. 82లో మరో సేనాని సుల్లా గడువే లేని డిక్టేటర్. 44లో సీజర్ జీవితాంతం డిక్టేటర్.

సీజర్ వారసుడు, రోమ్ తొలి చక్రవర్తి ఆగస్టస్ డిక్టేటర్ అనే పేరు ముట్టుకోలేదు. క్రీ.పూ. 23లో కాన్సుల్ పదవి వదిలేసి, ట్రిబ్యూన్ కాకుండానే ట్రిబ్యూన్ అధికారాన్ని జీవితాంతం తీసుకున్నాడు. ఆ తర్వాత కూడా కాన్సుళ్లు, ట్రిబ్యూన్లు ఏటా ఎన్నికవుతూనే ఉన్నారు. ఆయన్ని ఆపేవాళ్లు మాత్రం వాళ్లలో ఎవరూ లేరు.