పిస్ట్ దాటి తొలిసారి: అంచునా, గుర్తులున్న దారినా, గైడ్ వెంటనా?

యంత్రాలతో చదును చేసిన స్కీ దారులైన పిస్ట్‌లలో మధ్యస్థ కష్టానికి గుర్తయిన ఎర్రవాటిని తడబడకుండా దిగగలిగినవారికి, చదును చేయని మంచు మీదికి తొలిసారి వెళ్ళడానికి మూడు దారులున్నాయి: పిస్ట్ అంచునే ఉన్న మెత్తటి మంచులో ప్రయత్నించడం, గుర్తులు పెట్టి చదును చేయకుండా వదిలిన స్కీ రూట్‌లో దిగడం, పర్వత గైడ్‌ను కుదుర్చుకొని బయటి వాలులకు వెళ్ళడం. ఎర్ర వాలు మీద ఇంకా భయపడేవారికి ఈ మూడూ తొందరపాటే.

నా దృష్టిలో మొదటి స్థానం అంచుకే. పిస్ట్ మీద బరువంతా మలుపుకు బయటివైపున్న స్కీ మీద మోపి తిరగడం అలవాటైనవారు లోతైన మంచులోనూ అలాగే చేస్తే, ఆ స్కీ కూరుకుపోయి రెండోది దారి తప్పుతుంది. రెండింటి మీదా దాదాపు సమానంగా బరువు ఉంచి, పాదాలను కాస్త దగ్గరగా పెట్టి, తొందరపడకుండా తిరగడం అక్కడ కొత్తగా నేర్చుకోవాలి. స్కీల ముందు కొనలు మునుగుతాయేమోనన్న భయంతో వెనక్కి వాలితే స్కీలు మాట వినవు, తొడలు మాత్రం మండిపోతాయి. పడినప్పుడు ఊడిన స్కీ మంచు అడుగున దాగిపోతే, సాధారణంగా మనం ఆగిన చోటికంటే పైనే, అది ఊడిన చోటి దగ్గరే వెతకాలి. ఈ తంటాలన్నీ పిస్ట్‌కు నాలుగు అడుగుల దూరంలో పడటమే మేలు.

అయితే అంచు అన్నిచోట్లా ఒకటి కాదు. ఉత్తర అమెరికా రిసార్టులలో సరిహద్దు లోపల తెరిచి ఉంచిన చదును చేయని వాలులకూ మంచు చరియల నియంత్రణ ఉంటుంది; ఆల్ప్స్‌లో సాధారణంగా ఆ బాధ్యత పిస్ట్ గుర్తుల దగ్గరే ఆగిపోతుంది కనుక, పైన నిటారు వాలు ఉన్న అంచు జోలికి పోరాదు.

ఆల్ప్స్‌లోని వెర్బియే, సాంక్ట్ ఆంటన్ వంటి చోట్ల ఉన్న స్కీ రూట్లు కొత్త మంచు పడిన ఉదయం చక్కగా ఉంటాయి. కొద్ది రోజులకే అవి గట్టి గుట్టలుగా మారి, కొత్తవారికి పిస్ట్ కంటే కష్టమవుతాయి.

గైడ్ విషయం వేరు, ఎందుకంటే అక్కడ నేర్చుకునేది స్కీయింగ్ ఒక్కటే కాదు. మంచు చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద జారతాయి. ప్రమాద సూచిక 5 స్థాయిలలో 3 చూసి మధ్యస్థమేనని ఊరట చెందేవారు ఎందరో. ఆ స్థాయిలో ఒక్క మనిషి బరువుకే చరియ కదలవచ్చు. కూరుకుపోయినవారు బతికే అవకాశం మొదటి 10, 15 నిమిషాల తరువాత వేగంగా పడిపోతుంది కాబట్టి, ట్రాన్స్‌సీవర్ (కూరుకుపోయినవారి జాడ తెలిపే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులోకి గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార వెంట ఉండటమే కాక వాటిని వాడటం తోటివారికి తెలిసి ఉండాలి. సరిహద్దుగా కట్టిన తాడు కింద నుంచి దూరి ఎవరివో జాడల వెంట పోవడం మాత్రం ఏ లెక్కనా దారి కాదు. జాడ ఒకరు వెళ్ళారని చెబుతుందే తప్ప వాలు నిలుస్తుందని చెప్పదు.

గైడ్‌కు ఇచ్చే రుసుము తక్కువ కాదు. పడి లేవడంలోనే ఆ రోజు గడిచిపోకుండా, ముందు శిక్షకుడితో అంచున సాధన చేసి, ఆ తరువాత సమాన నైపుణ్యం ఉన్న చిన్న బృందంలో చేరి, 30 డిగ్రీలు మించని వాలులే కావాలని గైడ్‌కు ముందే చెప్పాలి. స్కీలు అద్దెకు తీసుకునేటప్పుడు నడుము (స్కీ మధ్య భాగం) వెడల్పు 95 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉన్నవి అడిగితే, అవి మంచులో తేలతాయి, పిస్ట్ మీదా ఇబ్బంది పెట్టవు.